చీమ ఉన్న పూస

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక, కిరాయి ఇంటి పై అంతస్తులో, ఆ మధ్యాహ్నం స్టెల్లా తన పాప గ్రేసీకి పాలు పట్టి పడుకోబెట్టింది. పిల్లకు చిగుళ్లు దురద పెట్టే వయసు. చిగుళ్ల నొప్పికి మంచిదని ఎవరో చెబితే, మొగుడు కిరణ్ కుమార్ ఆన్‌లైన్‌లో అంబర్ పూస తెప్పించి మెడలో కట్టాడు. ఎన్నడో చెట్టు కార్చిన బంక రాయిగా మారి తేనెరంగులో మెరుస్తోంది. నడుమ ఒక చీమ, పట్టకారులాంటి దవడలు కుడికీ ఎడమకీ తెరుచుకుని.

"ఈ జాతి కోట్ల ఏండ్ల కిందనే ఖతమైందంట. భూమ్మీద ఒక్కటి లేదు. మస్తుంది కదా?" అన్నాడు కడుతూ.

పిల్లను మోసిందీ కన్నదీ స్టెల్లా. పిల్ల మెడలో ఏముండాలో చెప్పేది ఇంకొకరు.

కట్టిన నాటి నుంచి ఇంటి నిండా చీమలు.

"తీసేద్దాం అత్తమ్మా. నాకు భయమైతుంది."

"పూసకు చీమలొస్తయా? పాల మూతి తుడవకుంటే వస్తయి. నా కొడుకు కట్టింది ముట్టకు" అంటూ యశోదమ్మ ప్రార్థన కూటానికి బయల్దేరింది.

ఇంట్లో చీమ కనబడితే తప్పు ఆడదానిదే. ఆ చీమ ఎన్ని కోట్ల ఏళ్ల నాటిదైనా సరే.

మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. పాప పడుకున్న బొంత చుట్టూ స్టెల్లా చీమల మందు సుద్దతో గీత గీసింది. గదిలో ఏదో వాసన... వానది కాదు. పచ్చి కొమ్మ విరిస్తే వచ్చే ఘాటు. పాప ఒంటి వేడికి పూస చెమర్చినట్లుంది.

తలుపు సందులోంచి చీమలు వచ్చాయి. నడక చప్పుడు వినిపించేటన్ని. ప్రతిదాని నోట్లో తెల్లటి గుడ్డు. గీత దగ్గర ఆగాయి. అన్నీ పాపవైపే తలలు పెట్టి నిలబడ్డాయి.

స్టెల్లా దారం తెంపింది. పూసను కిటికీలోంచి వానలోకి విసిరేసింది.

ఒక్క చీమ కూడా కిటికీ వైపు తిరగలేదు.

మొదటిది గీత దాటింది. చావలేదు. దాని వెనక ఇంకోటి... ఇంకోటి...

గ్రేసీ కళ్లు తెరిచింది. ఏడవలేదు. రెండు చూపుడు వేళ్లు చీమ మీసాల్లా చాచి ముందున్న చీమను మెల్లగా తడిమింది. అది గుడ్డును బొంత మీద దించి పక్కకు తప్పుకుంది. వెనకది ముందుకొచ్చింది.

"నా తల్లీ... నా దగ్గరికి రా" అంటూ చేతులు చాచింది స్టెల్లా.

పాప అవే రెండు వేళ్లతో తల్లి చేతిని తడిమింది. ఆగింది. మళ్లీ తడిమింది, ఈ మనిషి తమ ఇంటిదో కాదో తేల్చుకుంటున్నట్లు.

కొరికింది.

స్టెల్లా చెయ్యి లాక్కుంది. పాప నోట్లో ఇంకా ఒక్క పన్నూ మొలవలేదు. వేలి నుంచి నెత్తురు కారుతోంది. గాట్లు పైనా కిందా పడలేదు...

కుడిపక్కన ఒకటి. ఎడమపక్కన ఒకటి.