నడుముకి అందిన కబురు

గుడివాడ బస్టాండ్ ఎదుటి టిఫిన్ సెంటర్లో ఉదయం ఆరున్నరకి ఇంజనీర్ గోవర్ధనరావు కాఫీ రెండో గుక్క తాగి బల్ల మీదకి ఒరిగిపోయాడు. విషం. ఎదుటి కుర్చీలోని నల్ల కళ్లజోడు మనిషి తాపీగా చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. హంతకుల్లోనూ శుభ్రత పాటించేవాళ్లుంటారు.

పావుగంటలో నాగాయలంక రేవు దగ్గర ఏజెంట్ 31 భార్గవి మణికట్టు మీది బ్యాండ్ రెండుసార్లు అదిరింది. చేపలమ్మే మనిషి వేషంలో ఉన్న ఆమె తట్ట మీద ఈగలు తోలుతోంది. చెవిలో చీఫ్ గొంతు వినిపించింది.

"కోడ్ ఉప్పుగాలి. గోవర్ధనరావు పోయాడు. బెల్టుల కంట్రోల్ శత్రువు చేతికి చిక్కింది."

పొగమంచులో దారి తెలియని జాలర్ల కోసం గోవర్ధనరావు చేసిన బెల్టులవి. నడుముకి కట్టుకుంటే, ఎటు తిరగాలో ఆ వైపు అదురుతాయి. చుక్కాని వదలక్కర్లేదు, ఫోను చూడక్కర్లేదు. ఇప్పుడు ఆ బెల్టులు నమ్ముకుని పదకొండు పడవలు మంచులో తిరిగొస్తున్నాయి. ముందు పడవలో ఉన్నది ఆమె నాన్న పోతయ్య.

విదేశీ ముఠాకి ఈ పడవల మీద పగేమీ లేదు. ఇది ట్రయల్ మాత్రమే. ఏడింటికి పడవలు కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి రాగానే, బెల్టులు వాటిని కెరటాలు విరిగిపడే ఇసుక మేట మీదకి తోలతాయి. పని ఫలిస్తే వచ్చే నెల ఇవే బెల్టులు కట్టుకోబోయే తీర రక్షణ జవాన్ల వంతు. హెచ్చరిద్దామంటే మొగ దగ్గర ఫోన్లు పలకవు, ఉపగ్రహం సిగ్నల్ అందేది బెల్టులకే.

బెల్టు వాడకం జాలర్లకి నేర్పిన ట్రైనర్ షీబా. ఆమె నడిచొస్తే రేవులో బేరాలు ఆగిపోయేవి. డిపార్ట్‌మెంటుకి రహస్యాలు చేరవేసేదీ ఆమే. రెండు వైపులా చేరవేస్తోందని ఈ ఉదయమే తేలింది.

భార్గవి చేపల కింద నుంచి పిస్టల్ తీసి, రొయ్యల చెరువు గట్టు మీద షీబా మకాం వేసిన మోటారు షెడ్డుకి పరుగెత్తింది. తలుపు తన్నింది. షీబా నవ్వుతూ చేతులెత్తి, ముందున్న బెల్టులు నడిపే టాబ్లెట్‌ని మోచేత్తో ఇటు తోసింది.

"తీసుకోండి ఏజెంట్ గారూ. దారి ప్రోగ్రామ్ లాకైపోయింది. తీసే కీ గోవర్ధనరావు గారితోనే పోయింది. బ్యాటరీ టెస్ట్ బటన్ ఒక్కటే పనిచేస్తుంది."

స్క్రీన్ మీద పదకొండు చుక్కలు. మేటకి నాలుగు నిమిషాల దూరం. ఆ బటన్ నొక్కినంతసేపూ పదకొండు నడుములూ అదురుతాయి, అంతే. దానితో ఆగు నాన్నా అని ఎలా చెప్పాలి? భార్గవికి ఏడుపొచ్చింది.

అప్పుడు ఒడ్డు నుంచి తాళ్లతో లాగే అలివి వల గుర్తొచ్చింది. ఒడ్డున తాడు పట్టినవాళ్ల కేకలు దూరాన పడవలోవాళ్లకి వినపడవు. తాడే కబురు మోస్తుంది. రెండు చిన్న గుంజులు, కాస్త ఆగి ఒక పొడుగు గుంజు. ఉన్నచోటే లంగరెయ్యమని. చిన్నప్పుడు ఆమె ఆగలేక మూడోది ఎప్పుడూ ముందే గుంజేసేది, పోతయ్య విసుక్కునేవాడు.

నొక్కింది. రెండు చిన్నవి, ఒక పొడుగుది. తొందరలో మూడోది ముందే పడింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే తప్పు. చుక్కలు ఆగలేదు. రెండు నిమిషాలు. ఒకటి. షీబా కూడా నవ్వడం మానేసింది.

ముందు చుక్క ఆగింది. తర్వాత దాని వెనకది. మేటకి నలభై గజాల ఇవతల పదకొండూ ఆగాయి. భార్గవి నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

పదింటికి మంచు విడిచింది. అప్పటికి నల్ల కళ్లజోడు మనిషి మొవ్వ దగ్గర దొరికాడు, షీబా జీపెక్కింది. రేవులో పోతయ్య బెల్టు విప్పి కూతురి తట్టలో పడేశాడు. ఆమె విజయవాడలో ఏదో ఆఫీసులో టైపు చేస్తుందని అతని నమ్మకం. ఈ చేపల తట్టేమిటని అడగలేదు.

"మిషను పాడైందన్నారమ్మా అందరూ. నేనూ అదే అనుకున్నా. కానీ ప్రతిసారీ మూడోది తొందరపడి పడతంది. మిషనుకి అంత కంగారెందుకుంటది? మా అమ్మాయేనని లంగరేశాను."

భార్గవి బెల్టు మీదకి చేపలు లాగింది.

"ఇన్నేళ్లయినా ఆ ఆఫీసులో నీకు తాడు గుంజడం నేర్పలేదన్నమాట," అంటూ పోతయ్య వల దులుపుకోవడానికి వెళ్లిపోయాడు.