బల్ల మీద రెండో డబ్బా

డేల్ ఓస్మండ్‌సన్ రైఫిల్ అతని చెంప పక్కనే పగిలింది. మంగళవారం పొద్దున, జుడిత్ లోయ షూటింగ్ క్లబ్బులో, తెచ్చుకున్న ఫ్లాస్కు మూత ఇంకా తీయనైనా లేదు. డాక్టరు వచ్చేసరికి చేయడానికేమీ మిగల్లేదు పాపం.

షెరీఫ్ రిపోర్టు ఒకటే ముక్క: సొంతంగా తూటాలు నింపుకుంటూ ఒక తుపాకి మందు బదులు ఇంకో మందు పోశాడు, ప్రమాదం.

బుధవారం హార్లన్ ట్వైట్ ఆ రిపోర్టు చదివాడు. డేల్ పెళ్లిలో స్నేహితుడిగా పక్కన నిలబడ్డవాడు అతనే. ఏడుపు రాలేదు. అరచేయి బల్లకేసి నొక్కి చూసుకున్నాడు. బల్ల తెలిసింది గానీ చేయి తెలియలేదు. అప్పుడే ఫోన్ మోగింది.

"గోధుమ కోతకొచ్చిందా?"

"ఇంకా పచ్చిగానే ఉంది," అన్నాడు హార్లన్.

కోడ్ సరిపోయింది. అవతల చీఫ్ ఓస్ట్‌బీ. లోకానికి హార్లన్ ధాన్యం కాటాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఇరవై ఏళ్లుగా ఆ వేషం కింద ఏజెంటు. డేల్ కూడా అంతే. ఆరేళ్ల కిందట శత్రుదేశం నుంచి పారిపోయి వచ్చిన రాకెట్ శాస్త్రవేత్తకు కాపలా ఉండేవాడు. ఆ పెద్దమనిషి ఇప్పుడు వాల్టర్ పెల్ అన్న పేరుతో, రిటైరైన గడియారాల మెకానిక్కుగా ఊళ్లో ఉంటున్నాడు.

"ఇప్పుడు కాపలా ఎవరు?"

"రెనాటా ఒక్కతే. మేనకోడలి వేషంలో. డేల్ ఇల్లు, వాల్టర్ ఇల్లు, రెండిటి తాళాలూ ఆమె దగ్గరా వాల్టర్ దగ్గరా ఉన్నాయి."

"అయితే?"

"ముసలాయనకి ఇంటి మీద బెంగ పుట్టింది, తిరిగి పోవడానికి డేల్‌ని అడ్డు తీశాడు అంటున్నారు పైవాళ్లు. శనివారం క్లబ్బులో పోటీ కాగానే తీసుకుపోయి లోపలేస్తారు. ఈలోగా నువ్వేదైనా తేలిస్తే సరే."

డేల్ ఇంటి బేస్‌మెంట్‌లో, తూటాలు నింపే బల్ల మీద రెండు మందు డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి. ఒకటి నిదానంగా మండేది, గుండును గొట్టం పొడుగునా తోసుకుపోతుంది. రెండోది చురుకుది, ఒక్కసారిగా భగ్గుమంటుంది. నిదానం మందు కొలతకి చురుకు మందు పోస్తే రైఫిల్ తట్టుకోలేదు. పైగా రెండూ ఒకేలాంటి నల్లటి పుల్లలు, కంటికి తేడా తెలియదు.

హార్లన్ వాటిని చాలాసేపు చూశాడు. డేల్ బల్ల మీద ముప్ఫై ఏళ్లలో రెండు డబ్బాలు ఎన్నడూ కూర్చోలేదు. ఒకటి అల్మరాలోకి వెళ్తేనే రెండోది దిగేది. పెళ్లినాడు కూడా, బండి బయట హారన్ కొడుతుంటే, చేతిలో డబ్బా లోపల పెట్టొచ్చాకే కోటు తొడుక్కున్నాడు.

ఎవరో ప్రమాదమనిపించడానికి రెండో డబ్బా తెచ్చి పెట్టారు. ఎవరన్నది మాత్రం డబ్బా చెప్పదు.

శుక్రవారం వాల్టర్ ఇంట్లో తలుపు తీసింది రెనాటా. ఎర్ర లిప్‌స్టిక్, గొర్రెబొచ్చు కాలరు కోటు. ఆమె నడుస్తుంటే క్లబ్బులో సగం గుళ్లు గురి తప్పేవి.

"కాటాలు చూడ్డానికొచ్చారా ఇన్‌స్పెక్టరు గారూ? మావయ్య తప్పుడు తూకం వెయ్యడే," అంది నవ్వుతూ.

"డేల్ కూర్చునే చోట కాసేపు కూర్చుందామని, అమ్మాయ్."

కింద బేస్‌మెంట్‌లో వాల్టర్ గొడ్డుమాంసం వరుగు నములుతూ తన నిదానం మందు డబ్బా చూపించాడు. మూత మీద డేల్ చేతిరాతతో విప్పిన తేదీ.

"పోటీకి నింపేశారా?"

"ఇరవై. నిన్ననే. కొత్త డబ్బా విప్పితే పదోవంతు తగ్గించి మొదలెట్టమని డేల్ ప్రాణం తీసేవాడు. ఇది పాతదేగా. ఎప్పటి కొలతే పోసేశాను."

హార్లన్ దుకాణంలో కొన్న అదే రకం డబ్బా, సీలు తీసి, భూతద్దం కింద పక్కపక్కన పోసి చూశాడు. వాల్టర్ డబ్బాలో పుల్లలు వెంట్రుకవాసి పొట్టివి. పైన రాత డేల్‌దే గానీ, లోపల ఎవరో పోసింది చురుకు మందు.

"వాల్టర్ గారూ, నన్నొక రెండు గంటలు ఒంటరిగా వదలండి," అన్నాడు. ముసలాయన భుజం తట్టి పైకి వెళ్లిపోయాడు.

శనివారం పది గంటలు. సభ్యుడు పోతే, తర్వాతి పోటీలో మొదటి గుండు అతని పేరు మీద పేల్చడం ఆ క్లబ్బు ఆనవాయితీ. ఎవరు పేల్చాలో పోయినవాడి స్నేహితుడు చెప్పాలి.

"రెనాటా పేలుస్తుంది. వాల్టర్ గారి రైఫిలు, వాల్టర్ గారి తూటా," అన్నాడు హార్లన్.

టోపీలు తీసి అందరూ నిలబడ్డారు. రెనాటా చాప మీద పడుకుంది, తూటా ఎక్కించింది, చెంప ఆనించింది. వేలు ట్రిగ్గరు దాకా వెళ్లి ఆగింది.

"ఎండ కళ్లల్లో పడుతోంది," అంటూ లేచింది. "మావయ్య కాలిస్తేనే బాగుంటుంది. డేల్ అంటే ఆయనకి ప్రాణం."

"అలాగే కానీ," అన్నాడు హార్లన్.

వాల్టర్ మోకాళ్లు పట్టుకుంటూ దిగి పడుకున్నాడు. అందరి చూపూ అతని మీద, హార్లన్ చూపు ఆమె మీద. రెనాటా ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకొకటి. మూడో అడుగుకి కాంక్రీటు స్తంభం వెనక ఉంది, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని.

రైఫిల్ పేలింది.

మామూలుగానే. మూడు వందల గజాల అవతల అట్ట మీద చిల్లు పడింది. రెనాటా చేతులు దించేసరికి చెరో పక్కన ఓస్ట్‌బీ మనుషులు నిలబడి ఉన్నారు.

"ఎలా తెలిసింది?" అంది.

"బల్ల మీద రెండో డబ్బా పెట్టావు."

"ముందు కాపలా, తర్వాత పారిపోయొచ్చినవాడు అన్నారు మావాళ్లు. ప్రమాదంలా కనబడాలి కదా."

"డేల్ బల్ల మీదా?"

ఓస్ట్‌బీ మనుషులు ఆమెని కారు వైపు నడిపించారు. హార్లన్‌కి కోపం కోసం వెతుక్కుంటే దొరకలేదు. డేల్ ఫ్లాస్కులోనే కాఫీ పోసి తెచ్చుకున్నాడు తను, దాని మూత తీసి తాగాడు. వేడిగా ఉందని నాలుకకి తెలిసింది, అంతే. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

ఇదేమీ పట్టని వాల్టర్ దుర్భిణిలో చూస్తూ సణుగుతున్నాడు.

"జానెడు కిందకి పడిందయ్యా. నా చెయ్యి ఎన్నడూ ఇంత దిగదు."

"మీ చెయ్యి కాదు. ఇరవై తూటాలూ విప్పి, ఆ మందు మీ పెరట్లో పూలమొక్కలకి పోసేశాను. మళ్లీ నేనే నింపాను," అన్నాడు హార్లన్. "పదోవంతు తగ్గించి. కొత్త డబ్బా కదా."