ఆపకూడని మాత్ర

"ఈ చీటీ రాసింది మీరేనా?"

కుర్ర సర్జన్ తలెత్తాడు. ఆసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపు అమ్మాయి. వానకి నిలువునా తడిసింది. చేతిలో చీటీ మాత్రం పొడిగా ఉంది.

"నేనే. హెర్నియా ఆపరేషన్‌కి ముందు రక్తాన్ని పలచబరిచే మాత్రలు రెండూ వారం ఆపమన్నాను. ఏం?"

"అది మా నాన్న చీటీ. గుండెలో స్టెంట్ వేసి నాలుగు నెలలే అయింది. రెండూ ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకడుతుంది."

"ఆపకపోతే కోసిన చోట రక్తం ఆగదు. మీరు మందులమ్మండి, ఆపరేషన్ నాకొదిలేయండి."

"గుండె డాక్టర్ని అడిగారా?"

అడగలేదు. స్టెంట్ ఉందని చూశాడే గాని, ఎప్పుడు వేశారో చూడలేదు. ఆమె వెళ్ళగానే గుండె డాక్టర్‌కి ఫోన్ చేశాడు. పెద్దాయన బాగా తలంటాడు.

"హెర్నియా ఆగుతుందయ్యా. గుండె ఆగితేనో? ఏడాది నిండనీ. అప్పుడైనా ఆస్పిరిన్ ఆపకు. రెండోది మాత్రం ఐదు రోజుల ముందు ఆపు."

ఆ సాయంత్రమే అతను వాళ్ళింటికి వెళ్ళాడు. ఆమె తండ్రి రిటైరైన బస్సు డ్రైవరు.

"తప్పు నాదే అంకుల్. రెండు మాత్రలూ మానొద్దు."

"తప్పొప్పుకున్న డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నా. కూర్చో బాబూ."

ఆమె మూతి ముడుచుకునే కాఫీ ఇచ్చింది. చక్కెర మాత్రం సరిగ్గానే వేసింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు, ప్రతి ఆదివారం హెర్నియా యోగక్షేమాలు కనుక్కోడానికి ఫోన్ వచ్చేది. ఆమె తీసేది. గంటసేపు మాట్లాడేవాళ్ళు.

"అందులో నా హెర్నియా వంతు రెండు నిమిషాలే," అనేవాడు తండ్రి.

ఆపరేషన్ రోజు వచ్చింది. ఆస్పిరిన్ నడుస్తోంది కాబట్టి చిన్న చిన్న రక్తనాళాలు సైతం మొండికేశాయి. ఒక్కోదాన్నీ ఓపిగ్గా అదుపు చేసేసరికి గంట పని రెండు గంటలైంది. బయట ఆమె ఒక్క నిమిషమైనా కూర్చోలేదు.

అతను మాస్కు తీసి నవ్వాడు. "అంతా బాగుంది. గుండె కూడా."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇక ఆదివారాలు ఫోన్ చెయ్యరన్నమాట."

"చెయ్యను. ఫోన్‌లో చాలట్లేదు నాకు. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"నాకిష్టమే," అంది ఆమె చిన్నగా. "నాన్నని మీరే అడగాలి."

మర్నాడు వార్డులో, పెళ్ళికొడుకులా చేతులు కట్టుకుని అడిగాడు.

తండ్రి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "కుట్లు విప్పేది నువ్వేగా బాబూ. కాదనే ధైర్యం నాకెక్కడిది?"

నవ్వితే కుట్ల దగ్గర కలుక్కుమంది. అయినా నవ్వాపుకోలేకపోయాడు.