నూలా, ఉలెనా?

“అది ఇవ్వనండి,” అంది ఉషశ్రీ.

నందిగామ గాంధీ సెంటర్‌లోని ఫ్యాన్సీ షాపులో దారాల కౌంటర్ ఆమెది. ఎదురుగా ఉన్న కుర్రాడు చేతిలోని ఎర్ర ఉలెన్ ఉండను చూసుకున్నాడు. తర్వాత ఆమెను చూశాడు.

“అదేంటండీ! డబ్బులిస్తానంటే వద్దంటారు?”

“దేనికన్నారు?”

“మా అమ్మకి. క్రోషియా అల్లుద్ది. పొయ్యిమీద గిన్నెలు దించే మసిగుడ్డలు, గిన్నెల కింద పెట్టే కుదుళ్ళు.”

“అందుకే ఇవ్వనంటున్నా. ఇది పేరుకే ఉలెన్, అంతా ప్లాస్టిక్ లాంటి ఆక్రిలిక్. వేడి తగిలితే కరిగి చేతికి అంటుకుంటది. నూలు తీసుకోండి. లావు నూలు, రెండు పొరలుగా అల్లమనండి.”

“నూల్లో ఇంత మంచి ఎరుపు లేదుగా?”

“ఎరుపు కావాలా, మీ అమ్మగారి చెయ్యి కావాలా?”

అతను ఇంకా నమ్మలేదు. ఉషశ్రీ దేవుడి పటం దగ్గరి అగ్గిపెట్టె తీసుకుని, షాపు మెట్ల మీద రెండు పోగులూ కాల్చి చూపించింది. నూలు కాగితంలా కాలి బూడిదైంది. ఉలెన్ ముడుచుకుపోయి, కరిగి, చివర నల్లటి గట్టి పూసలా తేలింది. అతను ముక్కు ఎగబీల్చాడు.

“కాలిపోయిన మోటారు వాసనండీ. మా కొట్లో రోజూ ఇదే.”

అలా తెలిసింది సంగతి. పేరు వీరేంద్ర. జగ్గయ్యపేటలో బోరు మోటార్ల రీవైండింగ్ షాపు. గురువారం గురువారం సామాను కోసం నందిగామ వస్తాడు.

ఆ తర్వాత ప్రతి గురువారం దారాల కౌంటర్ దగ్గరికీ వచ్చాడు. “పోయినవారం పచ్చది బాగుందందండీ అమ్మ” అనో, “నీలం రంగు వెలుస్తుందా?” అనో అడిగేవాడు. రాగి తీగ చుట్టిన చేతులకు దారం మెత్తగా తగులుతుందని ఒకసారి అన్నాడు. ఆ మాట ఉషశ్రీ రాత్రి భోంచేస్తూ తలుచుకుని నవ్వుకుంది, వాళ్ళమ్మ వింతగా చూసింది.

గురువారం ఏ డ్రెస్ వేసుకోవాలో ఆమె ఆదివారమే తేల్చుకునేది. జగ్గయ్యపేట వైపు నుంచి బస్సు వస్తే చాలు, దారం కొలిచే మూర మధ్యలోనే ఆగిపోయేది. అతని ఫోన్ నంబరు అడగడానికి నెలల తరబడి సాకు వెతికింది గానీ దొరకనే లేదు. ముసురు పట్టిన ఒక గురువారం అతను రాలేదు. ఆ రోజంతా దారపుండలన్నీ రంగులవారీగా సర్ది, చెడగొట్టి, మళ్ళీ సర్దింది. అతన్ని చూడాలని ఉంది. ఎవరికి చెప్పుకుంటుంది?

మరుసటి వారం అతను వెలిగిపోయే మొహంతో వచ్చాడు.

“ఈసారి ఎక్కువివ్వండి. ఇంట్లో పెళ్ళి! అమ్మ ఎర్రటి సెట్టు అల్లుద్దంట.”

ఎవరిదని అడిగితే పోయేది. అడగలేదు. ప్రేమలో పడ్డవాళ్ళకు అడగాల్సిన ఆ ఒక్క మాట తప్ప అన్నీ నోటికొస్తాయి. పెళ్ళి అతనిదే అనుకుంది ఉషశ్రీ. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. పై అరలో సగం నూలు, సగం ఆక్రిలిక్ కలిపిన ఎర్రదారం ఉంది. చూపుకి అచ్చం నూలే. చరచరా దించి కవర్లో వేసింది.

“నూలేగా అండీ?”

“మీ ముందే ఉందిగా, చూసుకోండి.”

అతను చూసుకోలేదు. ఆమె ఇచ్చింది కదా అని తీసుకెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి ఇంట్లో గిన్నె దించినప్పుడల్లా ఆమెకు ఆ దారమే గుర్తొచ్చేది. పెళ్ళికూతురెవరైనా కానీ, ఆ పిల్ల వేడి గిన్నె పట్టుకుని కేకపెట్టినట్టు అనిపించేది. ఆదివారం పొద్దున్నే పసుపుపచ్చ నూలు, క్రోషియా సూది సంచిలో వేసుకుని జగ్గయ్యపేట బస్సెక్కింది.

మోటార్ల వీరేంద్ర ఇల్లంటే బస్టాండులో ఆటో అతనే చెప్పాడు. గుమ్మానికి మామిడాకులు. వీరేంద్ర నిచ్చెన మీద నిలబడి సీరియల్ లైట్లు కడుతున్నాడు.

“ఉషగారూ! మీరేంటి, ఇట్టా?”

“ఆ ఎర్రదారం వాడారా?”

లోపల్నుంచి వాళ్ళమ్మ పున్నమ్మ వచ్చింది. “అల్లేశానమ్మా. మా కృష్ణప్రియ సారెలో సర్దేశాం కూడా. రేపేగా దాని పెళ్ళి.”

కృష్ణప్రియ. గోరింటాకు చేతులతో గుమ్మంలో నిలబడ్డ అతని చెల్లెలు. ఉషశ్రీకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

“అవి సారెలోంచి తీసెయ్యండి పిన్నిగారూ. కలిపిన దారం, వేడికి కరుగుద్ది. నూలు తెచ్చా, సాయంత్రానికి కొత్తవి అల్లేస్తా.”

వీరేంద్ర నిచ్చెన దిగాడు. “మీరు పొరపాటు పడే మనిషి కాదే?”

“పొరపాటు కాదు. తెలిసే ఇచ్చా.”

“ఎందుకండీ?”

స్టాకు మారిపోయిందని చెప్పొచ్చు. చెప్పలేకపోయింది.

“పెళ్ళి మీదనుకున్నా.”

వీరేంద్ర చేతిలోని లైట్ల తీగ అలాగే ఉండిపోయింది. ముందుగా తేరుకుంది పున్నమ్మ.

“ఓరి నీ! ఆ దారాల కొట్టు అమ్మాయివి నువ్వేనా? నేనల్లేది నెలకో జతమ్మా. వీడు తెచ్చిన దారం బీరువాలో పట్టక మంచం కిందకొచ్చింది. కొనమాకురా అంటే వినడే!”

“అమ్మా!”

“ఏంట్రా అమ్మా?”

అతను ఉషశ్రీకి మాత్రమే వినపడేలా అన్నాడు. “ఆ వానరోజు మీ షాపుకే బయల్దేరానండీ. బస్సుల్లేక దారిలో చిల్లకల్లులో మధ్యాహ్నం దాకా తడిశా. మీరు ఎదురుచూస్తారని కాదు. నాకే ఉండబట్టలేదు.”

అప్పుడే ఉషశ్రీ ఫోన్ మోగింది. వాళ్ళమ్మ గొంతు వీధి దాకా వినిపించింది.

“ఎక్కడున్నావే పొద్దుట్నుంచీ?”

“జగ్గయ్యపేటమ్మా. పెళ్ళింట్లో.”

“ఎవరి పెళ్ళే?”

పున్నమ్మ చేయి చాచి ఫోన్ అందుకుంది.

“నమస్కారం వదినగారూ. మీ అమ్మాయి ఆడపడుచు పెళ్ళికొచ్చిందండీ. మీరూ బయల్దేరండి.”