దవాఖానా బండికి కుడివైపు పగులు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. ముందుగదిలో తండ్రి పేతురు బూట్లకు నూనె రాసుకుంటున్నాడు. మంచం మీద నాయనమ్మ కిష్టవ్వ ఉంది. చూపు సగం పోయింది గానీ చెవులు మాత్రం పూర్తిగా ఉన్నాయి. కుర్చీలో నర్సు సౌభాగ్యమ్మ చాయ్ కోసం కూర్చుంది. వంటింట్లో రాహేలు ఆ చాయ్ పెడుతోంది. తల్లి యేసమ్మ ఉండాల్సిన చోట ఎవరూ లేరు. ఆమె పోయిన వానకాలంలో జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలు కూడా రేషన్ మీదే నడుస్తున్నాయి.

బయట ముసురు. మెదక్ చర్చి గోపురం సగమే కనిపిస్తోంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ట్రైలర్ నిలబడి ఉంది. జీపు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే చిన్న ఇల్లు అది. లోపల రెండు పడక బల్లలు, మందుల అల్మారా, ఒక స్టవ్వు, కిటికీలకు యేసమ్మ కుట్టిన పూల తెరలు. శివ్వంపేట, కౌడిపల్లి జనాలకు అది దవాఖానా బండి. పేతురు ఏళ్లుగా దాని డ్రైవరు. ఈ మధ్య గుంతలో పడ్డప్పుడల్లా అది మూలుగుతోందని సౌభాగ్యమ్మ మిషన్ ఆఫీసులో చెబితే, వాళ్లు తూప్రాన్ నుంచి ఒక వెల్డింగు మిస్త్రీని పిలిపించారు. తనను అడగకుండా పిలిపించారని పేతురుకు కోపం.

వంటింటి వెనక తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

"జర గాసునూనె ఇస్తరా?"

రాహేలు తలెత్తి, వెంటనే దించుకుంది. గోనెసంచి నెత్తిన కప్పుకుని ఒక యువకుడు నిలబడ్డాడు. ముక్కు చివర వాన చుక్క వేలాడుతోంది, పడాలా వద్దా అన్నట్టు.

"దేనికి?" అంది, అతనివైపు కాక కిరసనాయిలు సీసా వైపు చూస్తూ.

"మీ బండికి."

"బండి గాసునూనెతోని నడవది. పెట్రోలుతోని నడుస్తది."

"నడిచేది జీపు. బండి దాని ఎనక వస్తది, గంతే. మీరు బడికి పోలేదా?"

రాహేలు చెవులు వేడెక్కాయి. పల్లెటూరి బడిలో ఏడు దాకా చదివింది. ఇప్పుడు మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది. "పోయిన. ఇప్పుడు చెప్తున్న గూడ."

"అయితే మస్తు మంచిగైంది. సుద్దముక్కలుంటయి గద, అవి గూడ ఇయ్యుండ్రి."

ముందుగదిలోంచి కిష్టవ్వ అడిగింది. "ఎవలు బిడ్డా?"

"దొంగ, అవ్వా," అన్నాడతను రాహేలు కంటే ముందే. "నూనె దొంగ, సుద్ద దొంగ. పేరు సొలొమోను."

కిష్టవ్వ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా కాలమైంది. పేతురు చేతిలోని గుడ్డ ఒక్క క్షణం ఆగింది.

సీసా ఖాళీ అయింది, పోయడానికి నూనె లేక స్టవ్వు ఆరింది, సౌభాగ్యమ్మ చాయ్ సగం కాగి అలాగే ఉండిపోయింది. ఇంత నూనె పట్టుకుపోయి ఏం చేస్తాడో చూడాలని రాహేలు షెడ్డు దాకా వెళ్లింది. ఆమె వెనకే పేతురు కూడా వచ్చాడు.

సొలొమోను బండి కిందకు దూరి, ఎడమవైపు ఛాసీ దూలం మీద రంగు గీకాడు. పొడిగుడ్డతో తుడిచాడు. కిరసనాయిలు పూసి, కాసేపు ఊరుకుని, మళ్లీ శుభ్రంగా తుడిచేశాడు. సుద్దముక్కలు నలిపి ఆ పొడిని గుడ్డతో అద్దాడు.

"ఇగ చూడుండ్రి."

తెల్లటి పొడి మీద, చక్రం మీది కమాను బోల్టు పక్కనుంచి, నల్లని వెంట్రుకలాంటి గీత మెల్లగా బయటికి వచ్చింది.

"పగులు నూనె తాగుతది. పైన తుడిసినా లోపల దాసుకుంటది. సుద్ద దాన్ని గుంజుకొస్తది," అన్నాడు సొలొమోను.

"నేను నడిపే బండికి పగులు రాదు," అన్నాడు పేతురు.

"డ్రైవర్ సాబ్, నడిపేది ఎవరో ఇనుముకు ఎరుకుండదు."

పేతురు ముఖం మాడిపోయింది. షెడ్డు దాటి వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి అతన్ని పేరుపెట్టి పిలవలేదు. "ఆ మిస్త్రీ" అనేవాడు, నోట్లో రాయి పడ్డట్టు.

*

వాన వదల్లేదు, పని కూడా సాగుతూనే ఉంది. రాహేలు పొద్దున బడికి పోయేముందు, మధ్యాహ్నం వచ్చాక షెడ్డులో చాయ్ పెట్టి వచ్చేది. సొలొమోను ఎప్పుడూ బండి కిందే ఉండేవాడు. రెండు పాదాలు మాత్రం బయటికి కనిపించేవి.

ఎదుట మనిషి ముఖం ఉంటే రాహేలుకు గొంతు పెగలదు. పాదాలతో మాట్లాడటం సులువుగా ఉంది.

"ఆ బెజ్జం ఎందుకేస్తుండ్రు? ఉన్న పగులు సాలదా?"

"కొసకు బెజ్జం వెయ్యకపోతే పగులు నడుస్తనే పోతది. బెజ్జం కాడికొచ్చి ఆగుతది. అప్పుడు అతికి, మీద పట్టీ వేస్తం."

"ఇదంతా యాడ నేర్సిండ్రు?"

"లాలాగూడ రైల్వే కార్ఖానల. మా మామ తీసుకపోయిండు. మా అమ్మ నాయిన లేరు. ఉన్నదంతా ప్రకాశం మామనే."

రాహేలు గ్లాసు పాదాల దగ్గరికి కొంచెం జరిపింది. "మా అమ్మ గూడ లేదు," అంది. ఎవరితోనూ అనని మాట అది, చాయ్ ఇచ్చినంత తేలిగ్గా వచ్చేసింది.

పాదాలు కదల్లేదు. కిందినుంచి గొంతు వచ్చింది. "ఆ తెరలు ఆమెనే కుట్టిందట గద. అవ్వ చెప్పింది. వెల్డింగు మంటకు అంటుకోకుండ తీసి మడిచి పెట్టిన. అల్మారల ఉన్నయి."

ఆ రోజు రాహేలు బడికి ఆలస్యంగా వెళ్లింది.

మరో రోజు పాదాలే అడిగాయి. "సోమవారం పొద్దుగూకేటాల్లకు మా మామ మెదక్ వస్తడు. మీ నాయినతోని మాట్లాడుమందునా?"

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. వినపడలేదని చెప్పినా ఎవరూ తప్పుపట్టరు.

"చాయ్ సల్లారుతది," అంది రాహేలు.

"గిది జవాబా?"

"తాగుండ్రి. చక్కెర ఎక్కువేసిన."

ఒక చెయ్యి బయటికి వచ్చి, మట్టి నూనెల మధ్య తడుముకుంటూ గ్లాసును లోపలికి తీసుకుంది. చాలాసేపటి దాకా లోపల సుత్తి చప్పుడు వినపడలేదు.

*

ఏటా ఊళ్లమీదికి బయలుదేరే ముందు, బండికి వెండి రంగు పూసి, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు నిలబెట్టి ప్రార్థన చేయించడం అక్కడి ఆనవాయితీ. పాత రంగుతో బండిని ప్రార్థనకు తీసుకుపోతే చిన్నతనంగా భావిస్తారు. అందుకే శనివారం అందరికీ తొందరే.

ఎడమవైపు అతుకు గట్టిగా కుదిరింది. కుడివైపు ఇంకా చూడాలి. ఆ రోజు ఈదురుగాలి. జల్లు నేరుగా షెడ్డులోకి కొడుతోంది. పేతురు రంగుడబ్బా పట్టుకుని నెత్తిమీద నిలబడ్డాడు.

"అయిందా మిస్త్రీ? పాస్టరుగారు రెండుసార్లు అడిగిపిచ్చిండు."

సొలొమోను కుడివైపు కిరసనాయిలు పూశాడు, తుడిచాడు, సుద్ద అద్దాడు. తెల్లగానే ఉంది. గీత రాలేదు.

"ఈ దిక్కు మంచిగనే ఉన్నది," అన్నాడు.

"నేను మొదలే చెప్పిన," అన్నాడు పేతురు, బ్రష్షు రంగులో ముంచుతూ.

ఆదివారం బండి మెరిసింది. పాస్టరు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. గొడుగుల కింద నిలబడిన జనం ఆమెన్ అన్నారు. రాహేలు కళ్లు మూసుకుని వేరే ప్రార్థన చేసుకుంది. దానికి కూడా ఆమెన్ తానే చెప్పుకుంది.

*

సోమవారం పొద్దున తండ్రికి చాయ్ పెట్టాలని స్టవ్వు ముట్టించబోతే అది ముట్టుకోలేదు. రాత్రి ఇంటికప్పు కారి, వత్తులు నీళ్లు తాగి ఉన్నాయి. కిరసనాయిలు నిండుగా పోసింది. అయినా చిటపటమని ఆరిపోయింది. తడిసిన వత్తి నూనె పీల్చదని తెలియనిది కాదు. వత్తులు పిండి ఆరబెట్టబోయింది.

వత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

శనివారం కుడివైపు ఛాసీ మీద నీళ్లు కారుతూ ఉన్నాయి. పగులు ఉంటే, అప్పటికే నీళ్లతో నిండి ఉంటుంది. నూనె దేంట్లోకి పోతుంది? సుద్ద దేన్ని బయటికి లాగుతుంది?

బయట జీపు స్టార్టయిన చప్పుడు. రాహేలు చెప్పులు లేకుండానే పరుగెత్తింది.

సొలొమోను జీపుకీ బండికీ మధ్య కొండీ బిగిస్తున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, సాయంత్రం కోసం. మొదటిసారి రాహేలు అతని ముఖంలోకి చూసి మాట్లాడింది.

"కుడిదిక్కు తడిమీద చూసిండ్రు."

"చూసిన గద. గీత రాలే."

"తడిమీద రాదు. వత్తి తడిస్తే నూనె గుంజుతదా?"

సొలొమోను చేతిలో పానా ఆగిపోయింది. అర్థమైంది. వంగి కుడివైపు ఛాసీ వైపు చూశాడు.

"రాహేలూ," అన్నాడు మెల్లగా, "ఇప్పుడు ఈ మాటంటే మీ నాయిన నన్ను గేటు దాటిస్తడు. మా మామ వచ్చి ఏం మాట్లాడుతడు? పగులు ఉన్నదో లేదో గూడ ఎరుకలేదు. పొద్దుగూకేటాల్లకు వాపస్ వస్తది గద, రేపు చూస్త."

రేపు. ఆమెకూ ఆ మాట ఎంతో ఇష్టంగా తోచింది. సాయంత్రం దాకా నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం తనకు బాగా వచ్చిన పని.

సౌభాగ్యమ్మ గొడుగు ముడుచుకుంటూ బండి లోపలి బల్ల మీద దుప్పటి పరుస్తోంది. "కౌడిపల్లి కాడ నెలలు నిండిన మనిషి ఉన్నది. పండుకోబెట్టి తేవాలె. మెల్లగ నడుపు పేతురూ."

రాహేలు జీపు ముందుకు వెళ్లి నిలబడింది.

"నాయినా, బండి తియ్యకు."

"ఏమైంది?"

"కుడిదిక్కు మళ్ల చూడాలె. ఆరబెట్టి చూడాలె. శనివారం చూసింది లెక్కకు రాదు."

పేతురు కూతురిని, ఆమె వెనక నిలబడ్డ మిస్త్రీని మార్చి మార్చి చూశాడు. "నువ్వేమంటవ్?"

సొలొమోను తల దించుకుని అన్నాడు. "నిజమే, డ్రైవర్ సాబ్. నాదే తప్పు."

కుంపట్లో నిప్పులు తెచ్చి ఛాసీ కింద పెట్టారు. ప్రార్థన చేయించిన వెండి రంగు పొంగి, పొక్కులు పొక్కులుగా లేచింది. ఇనుము ఆరి వేడెక్కింది, చల్లారింది. కిరసనాయిలు, గుడ్డ, సుద్ద. అందరూ వంగి చూశారు.

గీత వచ్చింది. ఎడమవైపు దానికంటే పొడుగు.

పేతురు కొండీ విప్పి జీపును విడదీశాడు. "సిస్టరమ్మా, జీపు ఒక్కటే తీసుకపోదాం. ఎనక సీట్ల పరుపు ఎయ్యుండ్రి." తర్వాత సొలొమోను వైపు తిరిగాడు. "నేనొచ్చేటాల్లకు నువ్వు ఈడ ఉండొద్దు."

జీపు వానలో కలిసిపోయింది.

సొలొమోను ఉతికిన చొక్కా విప్పి మేకుకు తగిలించి, బండి కిందకు దూరాడు. రాహేలు రేకు ముక్క ఒకటి తెచ్చి జల్లుకు అడ్డంగా పట్టుకుంది. బెజ్జం పడింది. కార్బైడు గ్యాసు వాసన షెడ్డంతా నిండింది. నీలం మంట వెలిగింది, ఆరింది, వెలిగింది. చాయ్ అడగలేదు, ఇవ్వలేదు. పాదాలు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి గానీ వాటితో ఇప్పుడు ఏం మాట్లాడాలో ఆమెకు తెలియలేదు.

చివరికి కిందినుంచి ఒక మాట వచ్చింది. "చేతులు గుంజుతలేవా?"

"లేదు."

"అబద్ధం."

"అవు," అంది రాహేలు. రేకు మాత్రం దించలేదు.

*

పొద్దుగూకేవేళ ప్రకాశం మామ వచ్చాడు. తలపాగా తడిసి ముద్దయింది. చేతిలో అరటిపండ్ల పొట్లం. జరిగిందేమీ తెలియదు. ఇంటి ముందు చూరు కింద, సొలొమోను పక్కన నిలబడ్డాడు. కూర్చోమనే ధైర్యం రాహేలుకు లేదు. కిష్టవ్వ మంచం మీదనుంచి "ఎవలు?" అని అడుగుతూనే ఉంది.

జీపు వచ్చింది. పేతురు దిగి ఎవరినీ చూడకుండా షెడ్డులోకి వెళ్లాడు. టార్చిలైటు వెలుగు బండి కింద చాలాసేపు తిరిగింది. తర్వాత వచ్చి చూరు కింద నిలబడ్డాడు.

"ఆ మనిషి ఎట్లున్నది నాయినా?" అంది రాహేలు.

"దవాఖానల ఉన్నది. ఆడపిల్ల." టార్చి ఆర్పాడు. "వస్తుంటే వాగు కాడ జీపు గుంతల పడ్డది. నా దవడలు కొట్టుకున్నయి. ఎనక బండి ఉండి, ఆ మనిషి దాంట్ల పండుకోని ఉంటే..."

సొలొమోను వైపు చూశాడు. "పొమ్మన్న గద."

"పని కాలే."

"ఇప్పుడైందా?"

"అయింది."

"రేపు తియ్యొచ్చునా బండి?"

"నన్నడగకుండ్రి, డ్రైవర్ సాబ్," అన్నాడు సొలొమోను. "మీ బిడ్డనడుగుండ్రి. నేను ఒక్కసారి చెప్పి తప్పిన."

పేతురు కూతురి వైపు తిరిగాడు. యేసమ్మ పోయాక ఆమెను ఏ సంగతీ అడిగి ఎరగడు. "ఏమంటవ్ రాహేలూ?"

"తియ్యొచ్చు. రెండు దిక్కులా ఆరబెట్టి నేనే చూసిన."

పేతురు తల ఊపాడు. తర్వాత, అప్పుడే కనిపించినట్టు, పండ్ల పొట్లంతో వణుకుతున్న పెద్దమనిషిని చూశాడు.

"తూప్రానా?"

"తూప్రానే. నా పేరు ప్రకాశం. ఈ సొలొమోనుకు మేనమామను," అన్నాడతను. "ఒక ముచ్చట మాట్లాడుదామని వచ్చినం."

"వానల నిలబడి మాట్లాడేది కాదు గద గది. లోపలికి రాండ్రి. నువ్వు గూడ రా, సొలొమోనూ."

మొదటిసారి ఆ పేరు పేతురు నోట వచ్చింది. ప్రకాశానికి కుర్చీ లాగాడు, సొలొమోనుకు పీట జరిపాడు. గది మధ్యలో కొయ్యబారిపోయి నిలబడ్డ కూతురిని చూశాడు.

"నువ్వేంది, ఈడనే నిలబడ్డవ్? పిల్ల పెండ్లి ముచ్చట పిల్ల ముంగట మాట్లాడుతరా ఎవరన్న? లోపలికి నడు."

ఆమె లోపలి గదిలో అడుగు పెట్టీ పెట్టకముందే, పేతురు తలుపు వేసేశాడు.