గదామిస్ డాబాల మీద

సర్వేయర్ హమ్దీని చంపినవాడు రెండో గుండు ఖర్చు పెట్టలేదు. ఎడారి నడుమ గదామిస్ పాతవూరిలో, పైకప్పున్న సందులో, పట్టపగలు, లేజర్ స్కానర్ పక్కనే హమ్దీ పడి ఉన్నాడు. స్కానర్ ఉంది. అందులోని హార్డ్ డిస్క్ లేదు.

ట్రిపోలీ నుంచి కర్నల్ ఫర్జానీ ఈ ఊరివాడే అయిన తన ఏజెంట్ మిఫ్తాహ్‌కి ఫోన్‌లో క్లుప్తంగా బ్రీఫింగ్ ఇచ్చాడు. విదేశీ ముఠా పని. ఊరి డిజిటల్ రూపమంతా ఆ డిస్క్‌లోనే ఉంది, ఇంకో కాపీ లేదు. అది ఊరి గడప దాటకూడదు. సాయానికి నజ్వా అనే ఏజెంట్ వస్తుంది. కోడ్: "ఖర్జూరం ఇంకా పచ్చిగానే ఉంది."

కర్నల్‌కి చెప్పని ముక్క ఒకటి మిఫ్తాహ్ కడుపులో ఉంది. అతని తండ్రి కట్టిన గోడ లోపల బోలుగా ఉన్నట్టు స్కాన్‌లో కనబడిందని నిన్ననే హమ్దీ అతని చెవిలో వేశాడు. యుద్ధంలో ఊరివాళ్ళు తమ పాత తోలు అట్టల ఖురాన్లు దాచింది అక్కడేనన్నమాట. ముసలాయన ఆ మాట చెప్పకుండానే పోయాడు. కూలుతున్న ఊరిని కాపాడతామంటూ తీసిన కొలతలు ఇప్పుడు దొంగలకు దారి చూపిస్తాయి. ఎవరి దగ్గరా నోరు విప్పొద్దని మిఫ్తాహ్ చెప్పాడు. హమ్దీ ఎక్కడో విప్పాడు.

నజ్వా నల్లద్దాలతో, అత్తరు వాసనతో, దుమ్మంటని తెల్లకోటుతో దిగింది. కోడ్ తడుముకోకుండా చెప్పింది. గాడిద మీద ఇటుకలు తోలేవాడి వేషంలో ఉన్న మిఫ్తాహ్‌ని ఎగాదిగా చూసింది.

"ఈ వేషం మీకు బాగా నప్పింది. ఉద్యోగం మార్చుకోవచ్చు."

మిఫ్తాహ్ ఊరి ద్వారాలన్నిటి దగ్గరా మనుషుల్ని పెట్టాడు. సందులన్నిటికీ కప్పులున్నాయి. శాటిలైట్ ఫోన్‌కి ఆకాశం కావాలి. అప్‌లోడ్ చేయాలంటే ఎవడైనా బయటికి రావలసిందే. తన లెక్కకి తనే మురిసి వెనక్కి తిరిగాడు. నజ్వా లేదు. అత్తరు వాసన మేనత్త మబ్రూకా ఇంటి మెట్ల దగ్గర ఆగిపోయింది.

అప్పుడు వెలిగింది. ఈ ఊళ్ళో సందులు మగాళ్ళవి, డాబాలు ఆడవాళ్ళవి. మీసం మొలిచాక ఏ మగాడూ ఆ మెట్లెక్కడు. అందుకే డాబా అనేది ఇక్కడి మగాడి ఆలోచనలోకే రాదు. అది ముఠాకి తెలుసు. డిస్క్ మొదట్నుంచీ ఆ తెల్లకోటులోనే ఉంది.

పిస్టల్ తీశాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. కాలు కదల్లేదు. ఎండాకాలం, వీధిలోని ఆడవాళ్ళంతా తలగుడ్డలు తీసేసి పైన గాలికి కూర్చుని ఉంటారు. ఎక్కితే ఈ ఊళ్ళో తలెత్తుకోలేడు. ఎక్కకపోతే తండ్రి దాచింది పోతుంది.

ఇంటి నడుమ, డాబాలో వెలుతురు కోసం వదిలిన కంత కిందికి పరిగెత్తాడు.

"అత్తా, పైన తెల్లకోటు మనిషి ఉందా?"

"ఉందిరా. ఏదో మూకుడు లాంటిది ఆకాశానికి తిప్పి కూర్చుంది. టీ పోస్తానంటే వద్దంది. పొగరుబోతు."

"దాన్ని ఆపు. నాన్న గోడ పోతుంది."

 ఆ గోడకి మట్టి మోసింది అత్తే. మరుక్షణం పైనుంచి కెవ్వుమని కేక, ఇనుము దొర్లిన చప్పుడు. ఫోన్ తెర మీద అప్‌లోడ్ గీత చివరికి రవ్వంత దూరంలో ఉండగా మరుగుతున్న టీ ఆ మూకుడు మీద పడింది. నలుగురు ఆడవాళ్ళు నజ్వా మీద కూర్చున్నారు.

ఊరి ద్వారం బయట సిగ్నల్ అంది, డిస్క్ దొరికిందని మెసేజ్ పెట్టగానే కర్నల్ ఫోన్ చేశాడు.

"శభాష్. డిస్క్ నాకు పంపించెయ్. ఆ గోడ సంగతి నేను చూసుకుంటాను."

 గోడ మాట మిఫ్తాహ్ కర్నల్‌కి ఎన్నడూ చెప్పలేదు. నజ్వాని పంపిందెవరో ఇప్పుడు గుర్తొచ్చింది.

తెల్లకోటులోంచి అత్త తీసిచ్చిన డిస్క్ వైపు చూశాడు. రేపు ఊరు కూలితే, ఎలా ఉండేదో చెప్పడానికి ఇదొక్కటే ఉంది.

"డిస్క్ కూడా టీలో తడిసిపోయింది సార్," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక, కేటిల్‌తోనే వెంట వచ్చిన అత్త మొహం చిట్లించింది. "అబద్ధం దేనికిరా? అది పొడిగానే ఉందిగా."

"అబద్ధం కాదత్తా. కేటిల్‌లో టీ ఇంకా ఉందా?"