తొట్టిలో పాట ఆగలేదు

మా అత్తారింట్లో నన్ను పాడనివ్వరు. పెళ్లైన కొత్తలో కోతల విందునాడు ఉత్సాహం పట్టలేక గొంతెత్తితే, పక్క తోట కుక్క తీగల్లో పడి పారిపోయి మూడోనాటికిగానీ ఇల్లు చేరలేదు. "అల్లుడూ, పీపాల్లో వైన్ విరిగిపోతుంది, కాస్త దయతలుచు నాయనా" అన్నారు మా మామగారు అన్సెల్మ్. అంతటితో నా సంగీతం సమాప్తం.

అసలు నన్ను ఇల్లరికం తెచ్చుకోవడమే ఆ ఇంటివాళ్లు చేసిన వింత. లోట్ నది ఒడ్డున నాలుగు తరాలుగా నల్లగా నిగనిగలాడే ఎర్ర వైన్ తీస్తున్న కుటుంబం. నేనేమో కహోర్ పట్నంలో చెప్పుల కొట్లో ఊరందరి పాదాల దగ్గరా కూర్చుని ముక్కు చచ్చిపోయినవాణ్ణి. గ్లాసు వాసన చూసి "ఇందులో ఏమేం తెలుస్తున్నాయి ఒనొరే?" అని అడిగితే "తోలు" అంటాను. ఒక్కోసారి అది నిజమే అవుతుంది, అందరూ మెచ్చుకుంటారు. మిగతా పని నా భార్య సొలాంజ్‌ది. నాకు దక్కేవి రెండే. బరువులెత్తడం, తాడు పట్టుకోవడం.

పులిసిన వైన్‌ని బయటికి వదిలేశాక తొట్టి అడుగున ద్రాక్ష పిప్పి మిగిలిపోతుంది. దాన్ని గానుగకెక్కించాలంటే మనిషి లోపలికి దూరి పారతో తోడాలి. మా తొట్లు సిమెంటువి, గదంత ఎత్తు. అడుగున పొయ్యి నోరులా చిన్న తలుపు. పులిసినచోట చెడ్డగాలి పుడుతుంది. దానికి రంగులేదు, నేలనంటి పాకుతుంది. రెండు గుక్కలు పీలిస్తే మనిషి కేకైనా వెయ్యకుండా కూలిపోతాడు. అందుకే ముందు కొవ్వొత్తి వెలిగించి లోపల పెడతారు. అది ఆరకపోతే నడుముకి తాడు కట్టుకుని మనిషి దూరతాడు. లోపలున్నంతసేపూ పాడుతూనే ఉండాలి, బయటివాడు వింటూనే ఉండాలి. పాట ఆగిందంటే తాడు లాగెయ్యాలి. చెప్పుల కొట్టువాడిక్కూడా అర్థమయ్యే పని.

మా ఇంటి పాట, గాడిద తప్పిపోయిన పిండిమరవాడి పాట. గట్టు మీద లేదు, మిట్ట మీద లేదు, ఎక్కడున్నావే నా గాడిదా... అని చివర దీర్ఘం తీసి, గుక్క తిప్పుకుని, మళ్లీ ఎత్తుకోవాలి. నా పెళ్లిలోనూ అదే పాడారు, అందరూ నా వంకే చూస్తూ.

నన్ను వదిలేస్తే, మామగారు ఒక్కరే పాడరు. నలభై ఏళ్ల కిందట మూడో తొట్టిలో ఆయన తమ్ముడు బస్తియాన్ చచ్చిపోయాడు. తాడు పట్టుకున్నది ఈయనే. "పాట ఆగలేదు, చివరిదాకా వింటూనే ఉన్నాను" అని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. తాగి నిద్రపోయాడన్నారు. ఈనాటికీ కాఫీ కొట్లో ఆయన కాస్త కునికితే చాలు, "అన్సెల్మ్, తాడు జాగ్రత్త!" అని ఎవడో ఒకడు అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వినవాణ్ణే.

కిందటేడు పంట విరగకాసింది. ఉన్న తొట్లు చాలక, నలభై ఏళ్లుగా ఖాళీగా పడున్న మూడోదాన్ని కడిగి నింపాం. అక్టోబరు చివర ఒక ఆదివారం మధ్యాహ్నం అందులో పిప్పి వేడెక్కుతోందని సొలాంజ్ కనిపెట్టింది. కూలీలు సెలవులో ఉన్నారు.

"రేపటిదాకా ఆగితే ఇది వెనిగరే" అంటూ తాడు నడుముకి బిగించుకుంది.

మామగారు చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "ఆ తొట్టిలోకి నువ్వు వద్దమ్మా."

"మరి నీ అల్లుణ్ణి పంపనా నాన్నా? ఆ పొట్ట తలుపులో ఇరుక్కుందంటే తొట్టి పగలగొట్టాల్సిందే. అల్లుడు చవకే, తొట్టి ఖరీదు."

"కొవ్వొత్తి ఆరలేదు మామయ్యా, చూడండి" అన్నాను నేను.

ఆయన నావైపు చూసి, "ఆ రోజూ ఆరలేదు" అన్నారు. వాకిట్లోకి వెళ్లి, మాకు వీపు చేసి బల్ల మీద కూర్చున్నారు.

సొలాంజ్ లోపలికి పాకింది. కొవ్వొత్తి వెలుగులో ఆమె బూట్ల మడమలు కనిపించాయి, తర్వాత అవీ లేవు. బయట చక్కటి ఎండ. తొట్లగదిలో మాత్రం పట్టపగలే చీకటి. తడి గోడలు. పుల్లటి, వెచ్చటి వాసన, నా చచ్చిన ముక్కుకి కూడా తెలిసేంత. పాట మొదలైంది. దానికి తాళంగా పార చప్పుడు. సర్... ధబ్. సర్... ధబ్. తలుపు దగ్గరికి వచ్చిన పిప్పిని నేను బుట్టలోకి లాగుతున్నాను.

పాట బాగుంది. ఆమె గొంతు ఎప్పుడూ బాగుంటుంది. వింటూ వింటూ, రాత్రి కూరలోకి పుట్టగొడుగులు ఉన్నాయా లేవా అని ఆలోచనలో పడ్డాను. మహా బాధ్యత గల మనిషిని కదా.

కాసేపటికి తలుపు దగ్గరికి పిప్పి రావడం లేదని గమనించాను.

పార చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో తెలీదు.

పాట వస్తూనే ఉంది. గట్టు మీద లేదు... మిట్ట మీద లేదు...

"సొలాంజ్, అలిసిపోయావా?"

పాట తెగలేదు. ఎక్కడున్నావే నా గాడిదా... గట్టు మీద లేదు... గాడిదా దగ్గర దీర్ఘం, దాని వెంటనే మళ్లీ గట్టు. మధ్యలో సందు లేదు. మళ్లీ విన్నాను. మళ్లీ.

ఆ గొంతు గుక్క తిప్పుకోవడం లేదు.

తల లోపలికి దూర్చాను. భుజాలు పట్టాయి, పొట్ట దగ్గర ఇరుక్కున్నాను. కొవ్వొత్తి గాలి లేనిచోట బొమ్మలో దీపంలా నిటారుగా వెలుగుతోంది. సొలాంజ్ పిప్పిలో బోర్లా పడి ఉంది. మొహం అందులోనే కూరుకుపోయి ఉంది. ఒక చెయ్యి పార మీద.

పాట ఆమె దగ్గర్నుంచి రావడం లేదు. ఆమె వెనక, వెలుగు అందని మూలనుంచి వస్తోంది. ఆమె గొంతుతోనే...

ఆ పొట్టే లేకపోతే నేనూ దూరేవాణ్ణి, ఇద్దరం అక్కడే పోయేవాళ్లం. గిలగిలా కొట్టుకుంటూ వెనక్కి వచ్చి తాడు లాగాను. మూర తాడు వచ్చింది. ఇంకో మూర. ఆగిపోయింది. బలమంతా పెట్టాను.

అటునుంచి లాగారు.

మెల్లగా, తొందర లేకుండా. నా అరచేతుల్లోంచి మూర తాడు లోపలికి జారిపోయింది.

"మామయ్యా!"

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి కర్ర పారేసి ఎలా పరిగెత్తుకొచ్చారో నాకు తెలీదు. నా వెనక తాడు పట్టారు. ఇద్దరం లాగుతున్నాం. రావడం లేదు. చేతులు చీరుకుపోయి తాడు జారుతోంది. దేవుడా, తోట తీసుకో, ఇల్లు తీసుకో, నన్ను మళ్లీ చెప్పుల కొట్లో కూర్చోబెట్టు... ఏదేదో అంటున్నాను. లోపల ఆ పాట మాత్రం కోతల విందులో పాడినంత హాయిగా సాగుతోంది.

మామగారు తాడు వదలకుండానే మోకాళ్ల మీద కూలబడి తలుపులోకి వంగారు.

"బస్తియాన్..." అన్నారు, గుసగుసగా. "తమ్ముడూ. అది నా కూతురురా. దాన్ని వదిలెయ్. నేను వస్తాలే."

పాట ఆగిపోయింది.

అప్పుడు, మొదటిసారిగా, లోపల ఎవరో గుక్క తీసుకున్నారు. పొడుగ్గా... చాలా పొడుగ్గా. కొవ్వొత్తి మంట లోపలివైపుకి వంగి, సాగి, ఆరిపోయింది. తాడు ఒక్కసారిగా వదులైంది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

సొలాంజ్‌ని తలుపులోంచి లాగి, వాకిట్లో ఎండలోకి ఈడ్చుకొచ్చి, నోట్లోంచి ద్రాక్ష తొక్కలు తీసి, వీపు మీద చరిచి, నోట్లో గాలి ఊదాను. ఎంతసేపటికో కక్కుకుని ఏడ్చింది. అంత అందమైన ఏడుపు నేను ఇంతవరకూ వినలేదు.

అగ్నిమాపక దళం వాళ్లు వచ్చి గాలి కొలిచారు. పక్క తొట్టినుంచి పాకి వచ్చిన చెడ్డగాలి, ఎద్దు కూడా బతకదన్నారు. మరి కొవ్వొత్తి ఎలా వెలిగిందంటే భుజాలెగరేశారు.

ఆ సాయంత్రం ఆసుపత్రి మంచం మీద సొలాంజ్ నా చెయ్యి పట్టుకుని, "నీకు అంత బాగా పాడ్డం ఎప్పుడొచ్చింది?" అంది.

"నేనా?"

"దూరగానే నాకు గొంతు పట్టేసింది, పాట రాలేదు. వెనక్కి వచ్చేద్దామనుకున్నా. ఇంతలో బయటినుంచి నువ్వు అందుకున్నావు. సరే, మా ఆయన ఉన్నాడుగా అని ధైర్యంగా ఉండిపోయా."

నేను ఆమె దుప్పటి సర్దాను.

మూడో తొట్టి తలుపుకి ఇటుకలు కట్టించేశాం. కాఫీ కొట్లో ఎవడో మళ్లీ "తాడు జాగ్రత్త" అంటే లేచి వాడి గ్లాసు కింద పారబోశాను. మామగారు నన్ను ఇంటిదాకా నడిపించుకొచ్చి, గుమ్మంలో "విన్నావు కదా అల్లుడూ?" అన్నారు.

"విన్నాను మామయ్యా."

"అది చాల్లే."

ఆ తర్వాత ఆయన బాగా తిన్నారు, బాగా పడుకున్నారు. తమ్ముడికి తాను ఇచ్చిన మాట సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఈవేళ మధ్యాహ్నం భోజనాలయ్యాక, గుండెల్లో కాస్త బరువుగా ఉందని, కాసేపు పడుకుంటానని ఆయన పైగదిలోకి వెళ్లారు. సొలాంజ్ గిన్నెలు కడుగుతోంది. నేను తుడుస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె నీళ్లు కట్టేసి తల పైకెత్తింది. కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"ఒనొరే, విను! నాన్న పాడుతున్నాడు. నలభై ఏళ్లకి..."

గట్టు మీద లేదు, మిట్ట మీద లేదు. ముసలి గొంతే, కానీ ఎంత హాయిగా ఉందో. ఆమె నవ్వుతోంది. నేను గుడ్డ పట్టుకుని నిలబడి, గాడిదా దగ్గర దీర్ఘం అయ్యేదాకా ఆగాను. దాని వెంటనే మళ్లీ గట్టు.

చేతిలో గిన్నె వదిలేసి మెట్ల మీదికి పరిగెత్తాను. వెనకనుంచి సొలాంజ్, "ఆపకు, పాడనీ పాపం!" అంటోంది.

గడియ మీద చెయ్యి వేశాను. తలుపు కిందనుంచి పుల్లటి, వెచ్చటి వాసన. లోపల పాట ఆగలేదు.